బుల్లెట్ రైలు లకుముకి పిట్ట ముక్కులోంచి పుట్టలేదు

జపాన్ బుల్లెట్ రైలు షింకన్‌సెన్ గురించి ఒక మెసేజ్ ఏళ్ల తరబడి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. మా బంధువుల గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: యుద్ధంలో బూడిదైన జపాన్, లకుముకి పిట్ట ముక్కును చూసి, ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా, ఐదేళ్లలో బుల్లెట్ రైలు కట్టేసింది. అందులో ఇప్పటిదాకా ఒక్క ప్రాణం పోలేదు. 20 సెకన్లు ముందు కదిలినందుకు కూడా క్షమాపణ చెప్పింది. ప్రతి ముక్కలోనూ కాస్త నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. కానీ ఆ రైలు కోసం జీవితాలు ధారపోసిన మనుషులు ఇందులో ఒక్కరూ కనపడరు. నా బాధల్లా అదే.

ముందు పిట్ట సంగతి. షింకన్‌సెన్ మొదలైంది 1964 అక్టోబర్ 1న. లకుముకి ముక్కున్న 500 సిరీస్ రైలు పట్టాలెక్కింది 1997లో. మధ్యలో 33 ఏళ్లు. దాని వెనుక ఉన్న కథ నిజమే, మెసేజ్‌లో ఉన్నదానికన్నా బాగుంటుంది కూడా. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో రైలు సొరంగంలోకి దూరితే లోపలి గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి, అవతలి చివర ఫిరంగి పేలినట్టు శబ్దం వస్తుంది. ఈ రైలు నడిచిన శాన్యో లైన్‌లో (పశ్చిమ జపాన్‌లోని షింకన్‌సెన్ మార్గం) సగం దారి సొరంగాలే. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు అది నరకం. ఆ శబ్దాన్ని తగ్గించే పనిలో ఉన్న ఇంజనీరు ఎయిజీ నకాత్సుకు పక్షుల్ని గమనించే అలవాటు ఉంది. చెరువు పక్క కరెంటు తీగ మీద కూర్చున్న లకుముకి ఒక్క ఉదుటున నీళ్లలోకి దూకడం మనమూ చూసిందే, నీళ్లు పెద్దగా చిందవు. పలచటి గాలిలోంచి చిక్కటి నీటిలోకి అంత మెత్తగా ఎలా వెళ్తోందన్నదే ఆయన ప్రశ్న. లెక్కలు, పరీక్షలు చేసి చూస్తే తేలిన ఆకారం ఆ ముక్కుకు దగ్గరగా వచ్చింది. 15 మీటర్ల ముక్కు! కానీ దానివల్ల మొదటి పెట్టెలో సీట్లు తగ్గాయి, ఒక తలుపు తీసేయాల్సి వచ్చింది, ఖర్చూ ఎక్కువే. మొత్తం 9 రైళ్లే తయారయ్యాయి. తర్వాత వచ్చిన 700 సిరీస్ ముక్కు బాతు ముక్కులా ఉంటుంది.

మరి 1964 నాటి గుండ్రటి ముక్కు ఎక్కడిది? విమానాలది. తదనావో మికీ యుద్ధకాలంలో నౌకాదళానికి విమానాలు డిజైన్ చేసినవాడు. తదాషీ మత్సుదైరా జీరో యుద్ధవిమానం గాల్లో ఎందుకు వణికి విరిగిపోతోందో పరిశోధించినవాడు. యుద్ధం అయ్యాక ఇద్దరూ రైల్వే పరిశోధన సంస్థలో చేరారు. వేగం పెరిగితే చక్రాలు పట్టాల మధ్య అటూ ఇటూ మెలికలు తిరుగుతాయి, జపాన్‌లో దాన్ని పాము నడక అంటారు. ఆ పాము నడకను అదుపు చేసింది మత్సుదైరానే. అది జరగకపోతే ముక్కు ఏ ఆకారంలో ఉన్నా రైలు పట్టాలు తప్పేది.

ఐదేళ్లంటారా, శంకుస్థాపన 1959 ఏప్రిల్‌లో జరిగింది కాబట్టి లెక్క సరిపోతుంది. కానీ టోక్యో నుంచి పశ్చిమానికి వెడల్పు పట్టాల మీద 'బుల్లెట్ రైలు' వేయాలని 1940లోనే జపాన్ పార్లమెంటు ఆమోదించింది. ఆ పేరు కూడా అప్పటిదే. భూములు కొన్నారు, సొరంగాలు తవ్వడం మొదలుపెట్టారు, యుద్ధం ముదిరాక ఆపేశారు. ఈ లైన్‌లోని షిన్ తన్నా సొరంగం పని 1959లో మళ్లీ అందుకున్నది ఆ పాత తవ్వకం దగ్గరే. ఆ పాత పథకం కమిటీకి పెద్ద యసుజిరో షిమా. 1964 రైలు చీఫ్ ఇంజనీరు హిదేవో షిమా ఆయన కొడుకే. తండ్రి మొదలెట్టింది కొడుకు చేతిలో పూర్తయింది. దాన్ని ఐదేళ్ల అద్భుతమంటే నేనొప్పుకోను.

ఒక్క ప్రాణం పోలేదన్న మాటను మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. రైళ్లు గుద్దుకుని గానీ, పట్టాలు తప్పి గానీ ప్రయాణికులెవరూ చనిపోలేదు. ఇది నిజంగా గొప్ప విషయం. 2004 భూకంపంలో రైలు పట్టాలు తప్పినా అందరూ బతికారు. కానీ 1995 డిసెంబర్‌లో మిషిమా స్టేషన్‌లో ఒక హైస్కూలు కుర్రాడి చెయ్యి తలుపులో ఇరుక్కుంది, రైలు ఈడ్చుకుపోయింది, చనిపోయాడు. 2015లో ఒకతను పెట్టెలో నిప్పంటించుకుంటే మరో ప్రయాణికురాలు కూడా పోయింది. 2018లో కత్తి దాడిని ఆపబోయిన ప్రయాణికుడు హతమయ్యాడు. 'ఒక్కరూ లేరు' అంటే వీళ్లు లేనట్టే కదా!

20 సెకన్ల క్షమాపణ బుల్లెట్ రైలుది కానే కాదు. అది 2017 నవంబర్‌లో సుకుబా ఎక్స్‌ప్రెస్ అనే టోక్యో లోకల్ లైన్ చెప్పింది.

ఇక డబ్బు. 1961లో ప్రపంచ బ్యాంకు దగ్గర 8 కోట్ల డాలర్ల అప్పు తీసుకున్నారు, 1981కి తీర్చేశారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 71 ఏళ్ల వయసులో రైల్వే అధ్యక్షుడైన షింజీ సోగో పట్టుబట్టి ఈ లైను వేయించాడు. దాదాపు 20 వేల కోట్ల యెన్‌లవుతుందన్న ఖర్చు చివరకు 38 వేల కోట్లకు చేరింది. 1963లో సోగో తప్పుకోవాల్సి వచ్చింది, ఆయనతోపాటే షిమా కూడా వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది అక్టోబర్ 1న, ఉదయం 6 గంటలకు, టోక్యో స్టేషన్‌లో హికారీ అనే మొదటి షింకన్‌సెన్ రైలుకు రిబ్బన్ కత్తిరించేటప్పుడు ఆ ఇద్దరికీ పిలుపు లేదు. షిమా ఇంట్లో కూర్చుని టీవీలో చూశాడు. సోగో ముఖం చెక్కిన ఫలకం ఇప్పుడు అదే స్టేషన్‌లో, షింకన్‌సెన్ ప్లాట్‌ఫాం చివర ఉంది.