బ్రిటన్ పార్టీ సభలు: ఏ మాట నిలుస్తుంది, ఏది గాలికి పోతుంది

మాంచెస్టర్ సెంట్రల్ అనే సభా ప్రాంగణం ఒకప్పుడు రైల్వే స్టేషన్. 1880లో తెరిచారు, 1969లో మూసేశారు. పట్టాలు పోయినా ఇనుప కమానుల పైకప్పు అలాగే ఉంది. 2023 అక్టోబరు 4న కన్జర్వేటివ్ పార్టీ వార్షిక సభలో ఆ కప్పు కిందే నిలబడి అప్పటి ప్రధాని రిషి సునాక్ హైస్పీడ్ రైలు మాంచెస్టర్‌కు రాదని తేల్చేశారు. హెచ్ఎస్2 మార్గం బర్మింగ్‌హామ్ దాటి ఉత్తరానికి వెళ్లదన్నారు. అంతకుముందు కొన్ని రోజులుగా విలేకరులు ఎంత గుచ్చి అడిగినా సూటిగా జవాబివ్వలేదు.

పత్రికలన్నీ రైలు చుట్టూనే తిరిగాయి. కానీ అదే ప్రసంగంలో ఇంకో రెండు పెద్ద ప్రకటనలున్నాయి. ఒకటి, 2009 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవారికి ఎన్నటికీ సిగరెట్ అమ్మకూడదన్న చట్టం. రెండోది, ఇంగ్లండ్‌లో ఎ-లెవెల్స్ (మన ఇంటర్ లాంటి చదువు) స్థానంలో ‘అడ్వాన్స్‌డ్ బ్రిటిష్ స్టాండర్డ్’ అనే కొత్త చదువు. ఈ మూడింటి గతి ఏమైందో చూస్తే పార్టీ సభల మాటల్ని ఎలా తూకం వేయాలో తెలుస్తుంది.

రైలు రద్దు అప్పటికప్పుడే అమల్లోకి వచ్చింది. బర్మింగ్‌హామ్ నుంచి క్రూ పట్టణం వరకు మార్గానికి పార్లమెంటు 2021లోనే చట్టం చేసింది. అయినా ఆపడానికి ఓటింగ్ అక్కర్లేకపోయింది. కట్టాలంటే చట్టం కావాలి, భూమి కావాలి, ఏళ్ల తరబడి బడ్జెట్ కావాలి. ఆపాలంటే ప్రధాని నోటి మాట చాలింది. సిగరెట్ల బిల్లు 2024 ఏప్రిల్‌లో పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో రెండో పఠనం, అంటే సూత్రప్రాయ ఆమోదం, దాటింది. జులై ఎన్నికల కోసం పార్లమెంటు రద్దవడంతో అక్కడే ఆగిపోయింది. లేబర్ ప్రభుత్వం దాన్ని మళ్లీ మొదటి నుంచి ప్రవేశపెట్టాల్సి వచ్చింది. ఇక కొత్త చదువుకు దాదాపు దశాబ్దం పడుతుందని చెప్పినవారే చెప్పారు. 2024 జులైలో కొత్త ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ ఖర్చుల లెక్కలు బయటపెట్టినప్పుడు అది కొట్టివేతల జాబితాలో చేరింది.

నేతల చిత్తశుద్ధి ఎంత అన్న చర్చ కంటే, మాటకూ అమలుకూ మధ్య ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టడం మేలు. డబ్బు, బిల్లు, ఎన్నిక: ఈ మూడు గండాలూ లేని ప్రకటనే బతుకుతుంది. బ్రిటన్‌లో రద్దు చేయడానికీ, నిబంధనలు బిగించడానికీ ఈ గండాలు తక్కువ. కట్టడానికే ఎక్కువ.

సభల సమయం కూడా ఇందుకు తోడవుతుంది. సమావేశాలు జరుగుతున్నప్పుడు ముఖ్యమైన ప్రకటనలు ముందు పార్లమెంటులో చేయాలని మంత్రుల నియమావళి చెబుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో పార్టీ సభల కోసమే పార్లమెంటుకు సెలవిస్తారు. అంటే అడ్డుప్రశ్న వేసేవారు లేని వారాల్లోనే పెద్ద ప్రకటనలు వస్తాయి. అది పార్టీ కార్యక్రమం కాబట్టి ప్రభుత్వ అధికారులు ప్రసంగం రాయకూడదు, రాజకీయ సలహాదారులే రాస్తారు. పైగా విషయం ముందే పొక్కితే మర్నాటి పతాక శీర్షిక పోతుంది కనుక గుట్టుగా ఉంచుతారు. గుట్టు పెరిగేకొద్దీ తప్పు పట్టుకునే కళ్లు తగ్గుతాయి. రద్దయిన రైలుకు బదులుగా 3,600 కోట్ల పౌండ్లతో ‘నెట్‌వర్క్ నార్త్’ పనులు చేస్తామంటూ విడుదల చేసిన పత్రమే చూడండి. మాంచెస్టర్ విమానాశ్రయానికి ట్రామ్ లైను వేస్తామని అందులో ఉంది. ఆ లైను మీద 2014 నుంచే ట్రాములు తిరుగుతున్నాయి! తర్వాత ఆ మాట తీసేశారు.

లేబర్ సభలో ప్రతినిధులు ఓటేస్తారు, కాబట్టి అక్కడ కార్యకర్తల మాట చెల్లుతుందని చాలామంది అనుకుంటారు. 2024 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. వృద్ధులకు చలికాలం ఖర్చుల కోసం ఇచ్చే 200 నుంచి 300 పౌండ్ల సాయాన్ని ప్రభుత్వం దాదాపు కోటి మందికి ఆపేసింది. దాన్ని వెనక్కి తీసుకోవాలని కార్మిక సంఘాలు తీర్మానం తెచ్చాయి. చర్చను చివరి రోజుకు, అంటే ప్రధాని ప్రసంగం అయిపోయిన మర్నాటికి నెట్టారు. తీర్మానం నెగ్గింది, ప్రభుత్వం కదల్లేదు. సభ తీర్మానానికి మంత్రులు కట్టుబడనక్కర్లేదు. 2025 మే 1న రన్‌కార్న్ ఉపఎన్నికలో లేబర్ కేవలం 6 ఓట్ల తేడాతో రిఫార్మ్ పార్టీ చేతిలో ఓడింది, స్థానిక ఎన్నికల్లోనూ దెబ్బతింది. జూన్‌లో, 35 వేల పౌండ్ల వరకు ఆదాయమున్న వృద్ధులకు సాయం తిరిగొచ్చింది. వేలమంది చేతులెత్తితే కానిది ఆ ఓటమి తర్వాత అయింది.

బ్రిటన్‌లో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇదంతా దూరపు రాజకీయం కాదు. 2016 కన్జర్వేటివ్ సభలో అప్పటి హోంమంత్రి అంబర్ రడ్, కంపెనీలు తమ విదేశీ ఉద్యోగుల సంఖ్య వెల్లడించాలన్న ఆలోచన చెప్పారు. యజమానులు భగ్గుమన్నారు, రోజుల్లోనే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. దాన్ని చూసి, వలసల మీద పార్టీ సభల్లో చెప్పేదంతా ఉత్త హడావుడేనని కొట్టిపారేయడం ప్రమాదం. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో, లేబర్ సభలో హోంమంత్రి షబానా మహమూద్ శాశ్వత నివాసానికి షరతులు చదివారు: ఉద్యోగం చేస్తుండాలి, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతం నుంచి పోయే సామాజిక భద్రత చందా) కట్టాలి, ప్రభుత్వ భృతి తీసుకోకూడదు, ఇంగ్లీషు బాగా రావాలి, ఊరికి ఏదైనా సేవ చేయాలి. రెండు నెలలు తిరక్కుండా నవంబరులో సంప్రదింపుల పత్రం వచ్చింది. అయిదేళ్ల గడువును సాధారణంగా పదేళ్లు చేయడం, ఇంకా శాశ్వత నివాసం దక్కని, ఇప్పటికే ఆ దేశంలో ఉన్నవారికీ వర్తింపజేయడం అందులోని ప్రతిపాదనలు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 1971 ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం హోంమంత్రి నిబంధనల మార్పుల ప్రకటనను పార్లమెంటు ముందుంచితే చాలు. 40 రోజుల్లో పార్లమెంటు ఉభయ సభల్లో ఏదో ఒకటి తిరస్కరించకపోతే అది నిలుస్తుంది. సాధారణంగా 21 రోజుల తర్వాతే అమలు మొదలుపెడతారు. కాబట్టి పార్టీ సభలో మంత్రి మాట విని వాట్సాప్‌లో కంగారుపడే కుటుంబం, వీసా మీదున్న నర్సయినా సాఫ్ట్‌వేర్ ఉద్యోగయినా, కాచుకుని చూడాల్సింది ఆ ‘స్టేట్‌మెంట్ ఆఫ్ చేంజెస్’ పత్రాన్నే. అందులోనూ మొదట వెతకాల్సింది, ఏ తేదీకి ముందు పెట్టుకున్న దరఖాస్తులకు పాత నిబంధనలు వర్తిస్తాయో చెప్పే పేరాని.