దూరమే లబ్బక్‌కు జీవనాధారం

ఎమ్మెస్ సీటు టెక్సస్‌లోని లబ్బక్‌లో వచ్చిందని చెప్తే చాలు, చుట్టాలు అడిగే మొదటి మాట 'డాలస్‌లో రాలేదా?' అని. చేరినవాళ్లలోనూ చాలామంది చదువు అయిన మర్నాడే పెట్టె సర్దుకోవాలన్న లెక్కతోనే ఉంటారు. ఈ చిన్నచూపు తప్పని నా అభిప్రాయం. అలాగని 'అద్దె తక్కువ, ట్రాఫిక్ లేదు, హాయిగా బతకొచ్చు' అని మెచ్చుకునేవాళ్లు కూడా సగం సంగతే చెబుతున్నారు.

లానో ఎస్టకాడో అనే పీఠభూమి మీద, సముద్రమట్టానికి దాదాపు 3,200 అడుగుల ఎత్తున ఉంది లబ్బక్. కనుచూపు మేర కొండ అన్నది కనిపించదు. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది 2.57 లక్షల మంది. ఉత్తరాన అమరిల్లో, దక్షిణాన మిడ్‌లాండ్ రెండూ 200 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. డాలస్ వెళ్లాలంటే 550 కిలోమీటర్లు, కారులో ఐదు గంటలు. ప్యాసింజర్ రైలు లేదు. హైదరాబాద్ నుంచి వచ్చే అమ్మానాన్నలు డాలస్‌లాంటి చోట దిగి మరో విమానం ఎక్కాల్సిందే.

వరంగల్ నుంచో ఆదిలాబాద్ నుంచో వెళ్లినవాళ్లకు ఊరు దాటగానే తెలిసిన పంటే ఎదురవుతుంది. పత్తి. కానీ చేలో మనిషి కనపడడు. మన దగ్గర ఆడవాళ్లు నడుముకు సంచి కట్టుకుని, వంగి వంగి ఏరే పత్తిని అక్కడ యంత్రం ఒక్కటే ఏరి, పెద్ద పెద్ద చుట్టలుగా కట్టి చేను పక్కన పడేస్తుంది. అక్కణ్నుంచి అవి నేరుగా జిన్నింగు మిల్లుకు పోతాయి. వందల ఎకరాలకు నలుగురు మనుషులు చాలు. అందుకే చుట్టూ ఉన్న పల్లెలు చాలావరకు పలచబడ్డాయి. ఉన్నవాళ్లకు గుండెనొప్పి వచ్చినా, ట్రాక్టరు చెడిపోయినా, పిల్లల్ని పెద్ద చదువుకు పంపాలన్నా లబ్బక్కే దిక్కు. హబ్ సిటీ, అంటే చుట్టుపక్కలకు కేంద్రం, అన్న పేరు దానికి ఊరికే రాలేదు.

ఆ ఊరి రహస్యమంతా ఇందులోనే ఉంది. పెద్ద ఆసుపత్రులు, 1923లో ఏర్పడి ఇప్పుడు 40 వేల మందికి చదువు చెబుతున్న టెక్సస్ టెక్ యూనివర్సిటీ, దాని పక్కనే వైద్య విశ్వవిద్యాలయం ఆ బయల్లో నిలబడ్డాయంటే దగ్గర్లో మరొకటి లేకపోవడం ఒక పెద్ద కారణం. మనం లోపం అనుకునే దూరమే ఆ ఊరికి ఉద్యోగాలు పెడుతోంది. ఇల్లు చవకగా దొరకడానికీ ఈ నేలే కారణం. సముద్రం అడ్డం లేదు, కొండ అడ్డం లేదు, ఊరు ఎటు పెరగాలన్నా పత్తి చేను ఖాళీ చేస్తే సరిపోతుంది.

కాబట్టి నర్సుకు, డాక్టరుకు, ఫార్మసిస్టుకు, టీచరుకు లబ్బక్ గట్టి ఊరు. ఒకచోట పొసగకపోతే అదే ఊళ్లో ఇంకో చోటు ఉంటుంది. యూనివర్సిటీలో ఉద్యోగమైతే మనవాళ్లకు మరో మేలుంది. హెచ్1బీ అనే ఉద్యోగ వీసాకు పెట్టే లాటరీ బెడద ఉండదు, ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి యూనివర్సిటీలకు వర్తించదు. 2026 జనవరిలో గవర్నరు ఆదేశంతో టెక్సస్ టెక్ లాంటి ప్రభుత్వ యూనివర్సిటీల కొత్త హెచ్1బీ దరఖాస్తులు ఆగిపోయేదాకా, లాటరీలో పేరు రాక దిగులుపడే పిల్లలు ఈ దారి వైపు ఎందుకు చూడలేదో నాకు అర్థం కాదు.

సాఫ్ట్‌వేర్‌లో ఒకే పనిలో ఆరితేరినవాళ్ల సంగతి వేరు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ల ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. డాలస్‌లో అయితే అదే ఇంట్లో ఉంటూ మరో కంపెనీకి మారొచ్చు. లబ్బక్‌లో ఆ పనికి రెండో కంపెనీ దొరకడం కష్టం. ఊరే మారాలి. పిల్లల బడి మారాలి, కొన్న ఇల్లు హడావుడిగా అమ్ముకోవాలి. అద్దెలో మిగిలిందనుకున్న డబ్బు ఆ రెండు నెలల్లోనే కరిగిపోవచ్చు. ఆ మిగులును పొదుపు అనుకోకుండా ఆ రోజు కోసం పక్కన పెట్టుకోవాలని నేనంటాను. రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని మురిసిపోయేవాళ్లు టెక్సస్‌లో ఇంటి పన్ను ఎంతో కూడా ముందే కనుక్కోవాలి.

నీటి సంగతి అనంతపురం రైతుకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఓగలాలా అనే భూగర్భ జలాల మీదే ఆ పత్తి చాలావరకు బతికింది. దశాబ్దాలుగా తోడుతున్నారు, వాన మాత్రం ఆ లోటు పూడ్చలేకపోతోంది. బోర్లు ఎండితే పంటతో పాటు ఆ ఊరికొచ్చే జనమూ తగ్గుతారు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది భార్యల పరిస్థితి. భర్త ఉద్యోగం కోసం హెచ్4 అనే ఆధారిత వీసా మీద వెళ్లిన అమ్మాయికి, భర్త గ్రీన్‌కార్డు దారిలో ఐ140 అనే దరఖాస్తుకు ఆమోదం వచ్చేదాకా మామూలుగా పని చేసే అనుమతి ఉండదు. ఇంజినీరింగ్ చదివి, ఇక్కడ సంపాదించిన పిల్ల అక్కడ అపార్ట్‌మెంట్ కిటికీ దగ్గర ఎర్రదుమ్ము చూస్తూ కూర్చోవాలి. వసంతకాలం గాలికి మధ్యాహ్నమే ఆకాశం ఇటుక రంగుకు తిరుగుతుంది. కారు భర్త తీసుకెళ్తాడు. బస్సులున్నా వాటిని నమ్ముకుని సంసారం నడపడం కష్టం. పెద్ద ఊళ్లో అయితే పక్క బ్లాకులోనే తెలుగు మాట వినపడవచ్చు. లబ్బక్‌లో ఆ నలుగురు తెలుగువాళ్లను వెతుక్కుంటూ వెళ్లాలి.

లబ్బక్‌లో ఆఫర్ వచ్చిందని, ఇల్లు కొనుక్కుంటామని సలహా అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఇల్లు తర్వాత చూసుకోండి. ముందు ఆమెకు డ్రైవింగ్ లైసెన్సు తీయించండి, రెండో కారు కొనండి.