బిళ్ళయినా మానేస్తాం కానీ బ్రాండు మానం

మందుల ఖర్చు మోయలేకపోతున్నామని గోల పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. తగ్గించుకునే మార్గాలన్నీ మన ఇళ్లలోనే ఉన్నాయి, కాస్త పెద్దవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాలంతే. మా అమ్మనే తీసుకోండి. డాక్టరు రోజుకో బీపీ బిళ్ళ రాశాడు, ఆవిడ రోజు విడిచి రోజు వేసుకుంటుంది. అదేంటమ్మా అంటే "ఇవాళ తల తిరగట్లేదు కదరా, ఊరికే ఎందుకు దండగ" అంటుంది. ఒక్క మాటతో నెల ఖర్చు సగానికి సగం కోసేసింది, ఏ ఆర్థిక మంత్రికైనా సాధ్యమా ఇది? రేపు ఏ పక్షవాతమో వచ్చి ఆస్పత్రిలో పడితే లక్షలవుతాయి, నిజమే. కానీ అది ఆస్పత్రి పద్దు, మందుల పద్దులో పడదు.

నాన్నది సగం బిళ్ళ సంప్రదాయం. వక్కలు మానేశాక మూల పడిన అడకత్తెరను మళ్లీ కొలువులోకి తీసుకున్నారు. రోజూ పొద్దున్నే పేపరు పరిచి, కళ్ళజోడు సర్దుకుని, షుగర్ బిళ్ళను అడకత్తెరలో పెట్టి ఒక్క నొక్కు. ఒక చెక్క పేపరు మీద, రెండోది సోఫా కింద. ఆ రెండోదాని కోసం ఇల్లంతా వంగి వెతకడంతో మాకూ వ్యాయామం అవుతుంది, అది అదనపు లాభం. ఆ బిళ్ళ పేరు చివర ఎస్సార్ అని రెండక్షరాలుంటాయి, అంటే కడుపులో నిదానంగా కరిగేలా తయారుచేసిన బిళ్ళ. దాన్ని కోస్తే ఆ ఏర్పాటంతా పోయి, రోజంతా కొంచెం కొంచెంగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది. ఈ సంగతి చెబితే "మంచిదేగా, త్వరగా పనిచేస్తుంది" అన్నారు.

ఇంత పొదుపైన మనుషులతో నేనో పొరపాటు మాట అన్నాను. మందు మానకుండా, కోయకుండా, అదే మందు చవగ్గా దొరికే చోట కొనుక్కుందాం, మన వీధి చివరే జన ఔషధి కేంద్రం ఉంది కదా, బ్రాండు పేరుతో కాకుండా మందు అసలు పేరుతో వచ్చే జెనరిక్ మందులు ప్రభుత్వ పథకం కింద అమ్ముతారు కదా అన్నాను. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఆస్తి పంపకాల మాట ఎత్తినప్పుడు కూడా ఇంత నిశ్శబ్దం రాలేదు.

"యాభై నుంచి తొంభై శాతం తక్కువ అని వాళ్లే రాసుకున్నారు, అంత తక్కువకు ఇస్తున్నారంటే లోపల ఏముందో" అని నాన్న. "సుద్దముక్కేమో" అని అమ్మ. కూరగాయలవాడి దగ్గర కరివేపాకు కొసరు రాకపోతే కదలని మనిషి ఈవిడ. వంకాయ చవగ్గా దొరికితే ఆవిడ తెలివి, మందు చవగ్గా దొరికితే మోసం. మందన్నాక కొనేటప్పుడే కాస్త నొప్పెట్టాలి, జేబులో మొదలైన నొప్పి మోకాల్లో నొప్పిని లాగేస్తుందని మనవాళ్ల గట్టి నమ్మకం.

అట్ట మీద మందు అసలు పేరు బ్రాండు పేరు కన్నా కనీసం రెండు ఫాంట్ సైజులు పెద్దగా ఉండాలని 2018లో కేంద్రం నిబంధన కూడా పెట్టింది. రెండు మూడు మందులు కలిపిన బిళ్ళలకు మినహాయింపు ఇచ్చారు, అవి మన దగ్గర బోలెడు అమ్ముడుపోతాయి, సరే పోనీయండి. పెద్దగా రాస్తే చదువుతామా? మెడికల్ షాపుకెళ్లి "ఆ ఎర్ర అట్ట, గుండ్రటి బిళ్ళ, పోయిన నెల ఇచ్చావే, అది" అని అడిగే జాతి మనది. బీపీ బిళ్ళ మీద టెల్మిసార్టాన్ అని నోరు తిరగని పేరు ఎవడు చదువుతాడు.

ఇక్కడ డాలస్‌లో ఉండే మా బాబాయి కొడుకు గురించి చెప్పాలి. "పెదనాన్నా, జెనరిక్‌లు వాడకండి, మంచి కంపెనీ మందులే వాడండి, డబ్బులు నేను పంపిస్తా" అని వీడియో కాల్‌లో గట్టిగా చెప్పాడు. చెబుతున్నప్పుడు వాడి వెనక గట్టు మీద నారింజ రంగు సీసా ఒకటి కనబడింది, వాడి కొలెస్ట్రాల్ మందే. దాని మీద బ్రాండు పేరేమీ లేదు, మందు పేరు, వాడి పేరు, అంతే. అమెరికాలో డాక్టర్లు రాసే చీటీల్లో పదింట తొమ్మిదింటికి ఇచ్చేది జెనరిక్ మందే. వాటిలో బోలెడు మన హైదరాబాద్, విశాఖ చుట్టుపక్కల కంపెనీల నుంచి ఓడలెక్కి వెళ్లినవే. ఇక్కడి బిళ్ళ అక్కడికెళ్తే మందు, అదే బిళ్ళ ఇక్కడే ఉండిపోతే సుద్దముక్క. ఇంజనీర్ల విషయంలోనూ మనకిదే లెక్క కాబట్టి నేను వాదించలేదు.

డాక్టర్ల తప్పు మాత్రం లేదు. బ్రాండు పేర్లు కాదు, జెనరిక్ పేర్లే రాయాలని 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ నిబంధన తెచ్చింది. ఆగస్టు 23న దాన్ని పక్కన పెట్టేసింది. మూడు వారాలు. మన ఇళ్లలో ఏ యాంటీబయాటిక్ కోర్సయినా పూర్తయిందా, ఇదీ అంతే, కాస్త తేరుకోగానే ఆపేశారు. ఇక అత్యావశ్యక మందులకు గరిష్ఠ ధర కట్టే పద్ధతి 2013 నుంచి ఇంకా ముచ్చటగా ఉంది. మార్కెట్లో ఒక శాతం, ఆపైన వాటా ఉన్న బ్రాండ్లన్నిటి రేట్ల సగటు తీసి, షాపువాడికి పదహారు శాతం కలిపి, ఇంతకు మించొద్దు అంటారు. క్లాసులో పిల్లలందరి అల్లరికీ సగటు తీసి, అంతవరకూ అల్లరి చేసుకోవచ్చని హెడ్‌మాస్టరు సర్క్యులర్ పంపినట్టు.

అయినా మేము రాజీపడి ఇరవై శాతం డిస్కౌంట్ బోర్డున్న షాపుకెళ్లాం. వెయ్యి దాటితేనే డిస్కౌంట్ అట. మా బిల్లు ఎనిమిది వందల అరవై. ఇంత దూరం వచ్చి డిస్కౌంట్ వదులుకుంటామా? బీకాంప్లెక్స్ ఒక అట్ట, ఎవరికీ పగలని పెదాలకు ఒక లిప్ బామ్, నాన్న ముచ్చటపడిన మోకాలి బెల్టు కలిపి పదమూడు వందలు చేశాం. డిస్కౌంట్ పోను వెయ్యి నలభై. ఎనిమిది వందల అరవైతో పోవాల్సినవాళ్లం రెండు వందల అరవై ఆదా చేసుకుని వచ్చాం. నాన్న దారిపొడుగునా ఉత్సాహంగా ఉన్నారు.

వ్యంగ్యం పక్కన పెట్టి ఒక్క మాట. మూర్ఛకో, థైరాయిడ్‌కో, రక్తం పలచబడటానికో వాడేవాళ్లు కంపెనీ మార్చే ముందు డాక్టరుకు చెప్పాలి, అక్కడ కొంచెం తేడా కూడా లెక్కలోకొస్తుంది. అలాగే మామూలు షాపువాడు "జెనరిక్" అని ఇచ్చాడంటే చవకని కాదు, అట్ట మీద పెద్ద రేటు వేసి, వాడికి మాత్రం కారుచవగ్గా పడేవి చాలా ఉన్నాయి. అడిగితే తగ్గిస్తాడు. అడగం అని వాడి ధైర్యం.

మొన్న రాత్రి నాకు జ్వరం తగిలింది. మా ఇంట్లో మందులన్నీ నీలం రంగు బిస్కెట్ల రేకు డబ్బాలో ఉంటాయి, మిగిలిన బిళ్ళ ఏదైనా పారేయడం మా ఇంటా వంటా లేదు. అమ్మ ఫోన్ లైటు పట్టుకుంది, నేను వెతికాను. అన్నీ కత్తిరించిన ముక్కలే. నాలుగు బిళ్ళలు చాలని మనం కట్ చేయించుకుంటాం, పేరూ ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపువాడి దగ్గరే ఉండిపోతుంది. ఒక ముక్క మీద ఇంగ్లీషులో "...ol" అని ఉంది, అది జ్వరానికిచ్చే పారాసిటమాలో, గట్టి నొప్పులకిచ్చే ట్రమడాలో తెలీదు, వెనక సంవత్సరం సగం చిరిగిపోయింది.

అమ్మ దాన్ని తీసుకుని లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసింది.

"తెల్లగా ఉందిగా, జ్వరానిదే అయ్యుంటుంది. ఎందుకైనా మంచిది, సగం వేసుకో" అని అడకత్తెర కోసం లేచింది.