అంతా మన మంచికే

వినియోగదారుల్లో ఈ మధ్య ఒక దుర్గుణం ప్రబలుతోంది. కంపెనీలను అనుమానిస్తున్నారు. ఫోను వేడెక్కితే తయారీదారుని తిడుతున్నారు. చెప్పులు కొనాలని ఇంట్లో అనుకున్న మర్నాడే చెప్పుల ప్రకటన కనబడితే ఫోను చెవులు రిక్కించి వింటోందంటున్నారు. ప్రభుత్వం ఆప్యాయంగా ఒక యాప్ ఇస్తానంటే నిఘా అంటున్నారు. పెద్దవాళ్లు ఏం చేసినా మన మంచికే చేస్తారని నమ్మి బతికిన జాతికి ఇంత కృతఘ్నత తగదని నా నిశ్చితాభిప్రాయం.

ఆపిల్ సంగతే తీసుకోండి. పాత ఐఫోన్లు మందకొడిగా తయారవుతున్నాయని జనం ఏళ్ల తరబడి గొణిగారు. కొత్తది కొనిపించే పన్నాగమని నిందలు వేశారు. 2017 డిసెంబరులో కంపెనీ నోరు విప్పింది. అవును, వేగం తగ్గించింది మేమే, బ్యాటరీ పాతబడితే ఫోను ఉన్నట్టుండి ఆగిపోతుంది కాబట్టి అలా చేశామంది. వయసు మళ్లినవారిని పరుగెత్తించకూడదన్న ఇంగితం ఒక కంపెనీకి ఉండటం ఎంత అరుదు! కాకపోతే ఆ ముక్క ఫోను సొంతదారుకు ముందుగా స్పష్టంగా చెప్పలేదు. చెబితే అతను బ్యాటరీ ఒక్కటీ మార్పించుకుని పాత ఫోనుతోనే కాలక్షేపం చేసేవాడు, కొత్త ఫోను యోగం తప్పిపోయేది. ఫ్రాన్స్ అధికారులకు ఈ సున్నితత్వం అర్థంకాక 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేశారు. అమెరికాలో దావా 50 కోట్ల డాలర్ల వరకూ చెల్లించే రాజీతో ముగిసింది. అందులో మన దేశపు ఐఫోన్ ప్రియులకు చిల్లిగవ్వ రాలేదు. రానక్కర్లేదు కూడా. మనవాళ్లు ఐఫోను కొనేది వేగం కోసమా? అద్దం ముందు నిలబడి ఫొటో తీసుకుంటే వెనకాల కొరికిన పండు కనబడాలని.

శాంసంగ్ 2016లో మరింత ఉదారంగా ప్రవర్తించింది. గెలాక్సీ నోట్ 7 ఫోన్లలో కొన్ని మంటలంటుకుంటే వెనక్కి పిలిపించి కొత్తవి ఇచ్చింది. వాటిలోనూ కొన్ని అంటుకున్నాయి. అప్పుడిక తయారీయే ఆపేసింది. మన దేశంలో ఆ ఫోను అమ్మకాలు మొదలే కాలేదు. అయినా విమానంలో దాన్ని వాడరాదని, ఛార్జింగ్ పెట్టరాదని మన పౌర విమానయాన అధికారులు ఆదేశించారు. ఇక్కడి దుకాణాల్లో దొరకని వస్తువు విషయంలోనే ఇంత శ్రద్ధ చూపినవారు, దొరికే వస్తువుల విషయంలో ఎంత చూపాలి? అప్‌డేట్ వేసుకున్న మర్నాడు తెర మీద నిలువునా పచ్చగీత పడ్డ ఫోను పట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లినవారికి ఆ సంగతి తెలుసు. వారంటీ గతవారంతో ముగిసిందని అక్కడ చాలా మర్యాదగా చెబుతారు.

ఇక గోప్యత. ఈ విషయంలో తెలుగు కుటుంబాలు ఒకసారి విప్లవం దాకా వెళ్లి వచ్చాయి. 2021 జనవరిలో వాట్సాప్ తన యజమాని ఫేస్‌బుక్‌తో (నేటి మెటా) మన సమాచారం పంచుకునే కొత్త నిబంధనలు పెట్టి, ఫిబ్రవరి 8లోగా ఒప్పుకోవాలన్నప్పుడు పెదనాన్నలూ మేనత్తలూ ఒక్కటై, వాట్సాప్‌ను శాశ్వతంగా విడిచిపెడుతున్నామని వాట్సాప్‌లోనే ప్రకటించారు. కొందరు నిజంగానే సిగ్నల్ అనే మరో సందేశాల యాప్‌కు తరలిపోయారు. అక్కడ గోప్యత సంపూర్ణంగా ఉంది, మాట్లాడటానికి మనిషి లేడు. గులాబీలతో శుభోదయాలు లేవు, పెళ్లి పత్రికలు లేవు, నిమ్మరసంతో మధుమేహం మాయమన్న వార్తలూ లేవు. కంపెనీ గడువును మే 15కు జరిపింది. ఈలోగా పత్రికల్లో మొదటి పేజీ నిండా ప్రకటనలు ఇచ్చి, మీ గోప్యత పట్ల గౌరవం మా రక్తంలోనే ఉందన్న ధోరణిలో హామీలు గుప్పించింది. కోట్లాది మందికి క్షణంలో సందేశం పంపే కంపెనీ తన సందేశం పంపడానికి పేపర్‌బాయ్‌ను ఆశ్రయించిన ఆ ఉదయాన్ని నేను ఎంతో ఆస్వాదించాను. గడువు నాటికి మనవాళ్లంతా తిరిగి గూటికి చేరారు. 2024 నవంబరులో కాంపిటీషన్ కమిషన్ ఆ వ్యవహారంలో మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. పెదనాన్నల వాటా ఎంతని ఎవరూ అడగలేదు.

ఆ పెదనాన్నలే ఇప్పటికీ, నా ఫొటోలు వాడుకోవడానికి ఫేస్‌బుక్‌కు అనుమతి ఇవ్వడం లేదంటూ న్యాయశాస్త్రపు భాషలో ప్రకటన అతికిస్తుంటారు. దాని కిందే మనవడి పుట్టినతేదీ, బడి పేరు, గృహప్రవేశం ఫొటోలో ఇంటి నంబరు.

కంపెనీలను ఇంతగా శంకించే మనం రాజకీయ పక్షాల దగ్గర మాత్రం మెచ్చుకోదగ్గ నిబ్బరం చూపిస్తాం. ఎన్నికలొస్తే రికార్డు చేసిన గొంతు మన పేరు పెట్టి పిలిచినా, మీ ఎమ్మెల్యే పనితీరు బాగుంటే ఒకటి నొక్కండి అన్నా, ఈ నంబరు మీకెవరిచ్చారని అడిగే తెలుగువాడు పుట్టలేదు. బాగాలేదని రెండు నొక్కితే పింఛను ఆగుతుందేమోనని మాత్రం కాసేపు ఆలోచిస్తాడు. 2019 మార్చిలో హైదరాబాద్‌లో డేటా చౌర్యం కేసు పెట్టినప్పుడు, తెలుగుదేశం యాప్ కోసం ఆంధ్రప్రదేశ్ ఓటర్ల వివరాలు అక్రమంగా వాడారన్నది ఆరోపణ. కాదు, మా పార్టీ డేటానే దొంగిలించారని తెలుగుదేశం అంది. తెలంగాణ ఒక ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని (సిట్) వేస్తే ఆంధ్రప్రదేశ్ తానూ వేసింది. ఎవరి పోలీసులకు ఎవరి మీద అధికారముందన్న చర్చ రోజుల తరబడి టీవీల్లో నడిచింది. వివరాలు ఓటరువి గదా అన్న అప్రస్తుత ప్రసంగం ఎవరూ చేయలేదు.

మన సమాచారం తొలగించమంటే కంపెనీలు వినవని కొందరి బాధ. వారు తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు చదవాలి. అక్కడ ప్రభుత్వ నిఘా విభాగంలోనే హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారని పోలీసుల అభియోగం. ముక్కలు మూసీ నదిలో వెదికారు. అంతకన్నా సంపూర్ణంగా సమాచారాన్ని తొలగించే సేవ ఏ కంపెనీ ఇస్తుంది?

కేంద్రం ప్రేమ ఇంకా ఘాటైనది. 2025 నవంబరు చివరలో, ఇకపై తయారయ్యే ప్రతి ఫోనులోనూ పోయిన ఫోన్లు, మోసపు కాల్స్ మీద ఫిర్యాదుకు తాను తెచ్చిన సంచార్ సాథీ యాప్ ముందే ఉండాలని, అది పనిచేయకుండా చేయరాదని కంపెనీలను ఆదేశించింది. గగ్గోలు లేచింది. అక్కర్లేకపోతే తీసేయవచ్చని మంత్రి అన్నారు. డిసెంబరు 3న ఆదేశమే ఉపసంహరించారు. కారణం గగ్గోలు కాదు, యాప్‌కు నానాటికీ పెరుగుతున్న ఆదరణ. ఆదరణ కాస్త తగ్గి ఉంటే మన పరిస్థితి ఏమయ్యేదో!

చట్టం లేదని బాధపడకండి. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. ఆరేళ్లకు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఇంకో రెండేళ్లకు దాని నియమాలు వచ్చాయి. కంపెనీల ప్రధాన బాధ్యతలు అమలయ్యేందుకు 2025 నవంబరు నుంచి 18 నెలల వ్యవధి ఇచ్చారు. ప్రభుత్వం తన సంస్థల్లో కోరినవాటిని మినహాయించుకోవచ్చు. అదే చట్టం సమాచార హక్కు చట్టాన్ని సవరించి, వ్యక్తిగత సమాచారమంటూ జవాబు నిరాకరించడాన్ని సులువు చేసింది. ఆ ముక్కకు మాత్రం వ్యవధి అక్కర్లేదు, వెంటనే అమల్లోకి వచ్చింది.

తప్పు చేసిన కంపెనీకి జరిమానా 250 కోట్ల దాకా ఉండవచ్చు. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానా అయిన సంచిత నిధికి పోతుంది, సమాచారం పోగొట్టుకున్నవాడికి కాదు. వాడికీ చట్టంలో చోటుంది. అబద్ధపు లేదా పసలేని ఫిర్యాదు చేస్తే పదివేల రూపాయల దాకా జరిమానా. కాబట్టి ఫిర్యాదు చేయదలచినవారు పదివేలు విడిగా తీసిపెట్టుకోండి. ఫిర్యాదులు వినే డేటా పరిరక్షణ బోర్డు పనంతా ఆన్‌లైన్‌లోనే. పేరు, ఫోన్ నంబరు తప్పుల్లేకుండా నింపండి.