ఉపోద్ఘాతం గారికో ఉత్తరం

గౌరవనీయులైన ఉపోద్ఘాతం గారికి,

అశోక్‌నగర్ హాస్టల్ గది నుంచి ఒక గ్రూప్-1 అభ్యర్థి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. (ఆయన మీ తమ్ముడే కదా, ఉత్తరాల శాఖ చూసుకుంటారు.)

మన పరిచయం హైస్కూలు నాటిది. తెలుగు మాస్టారు బోర్డు మీద మీ పేరు రాసి, కింద గీత గీసి, "మానవుడు సంఘజీవి" అని చెప్పారు. ఆ వ్యాసం గ్రంథాలయాల గురించి. తర్వాతి వ్యాసం కాలుష్యం మీద. మానవుడు అప్పుడూ సంఘజీవే. వార్తాపత్రికలు, వరకట్నం, క్రీడలు... ఏ టాపిక్ వచ్చినా ముందు ఆయన కాసేపు సంఘంలో జీవించాలి, ఆ తర్వాతే మిగతా పని. ఆయన మీద నాకు కోపమేం లేదు. ఆయన పుణ్యమా అని అడిషనల్ షీటు అడిగే యోగం పట్టింది. అడిషనల్ అడిగినవాణ్ని హాలంతా ఎంత భయంగా చూసేదో మీకు తెలియనిదా!

చిక్కల్లా ఇప్పుడొచ్చింది. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపరుకు మూడు గంటలు. మూడు వ్యాసాలు, ఒక్కోటి 1000 పదాలు, 50 మార్కులు. మీరేమో సింధు నాగరికతలో బయల్దేరి, వేదకాలంలో కాసేపు ఆగి, "నేటి ప్రపంచీకరణ యుగం"లో దిగేసరికి పక్కవాడు రెండో వ్యాసంలో ఉంటాడు.

మొన్న టెస్టులో తాగునీటి మీద రాయమన్నారు. "నీరే ప్రాణాధారం" అంటూ మీరు పంచభూతాలను పేరుపేరునా పిలిచారు. దిద్దిన సార్ మొదటి పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసి, రెండో పేజీ మధ్యలో బాణం గుర్తు వేసి "వ్యాసం ఇక్కడ మొదలైంది" అని రాశారు. చూస్తే అక్కడ నల్గొండ జిల్లా మర్రిగూడ ఉంది. ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులున్నారు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అని పేరు పడ్డ సంగతి ఉంది. ఇవన్నీ నాకు ముందే తెలుసు. తెలిసింది చెప్పడానికి కూడా మీ పర్మిషన్ కోసం పేజీన్నర వెయిట్ చేశాను!

మీరు లేకుండా మొదలుపెట్టి చూస్తే, చెప్పులతో పూజగదిలోకి వెళ్లినట్టు ఒకటే టెన్షన్. పైగా కోచింగుల్లో మీకు కొత్త వేషం కట్టారు, కొటేషన్ అని. గాంధీగారు ఎన్నడూ అనని మాటలన్నీ ఆయన ఖాతాలో జమ అవుతున్నాయి.

అందుకే సవినయంగా సెలవు ఇప్పిస్తున్నాను. ఖాళీగా ఉంటామని బెంగపడకండి. శాలువాలు కప్పే సభల్లో మీకెప్పుడూ డిమాండే. అక్కడ టైమూ చూడరు, దిద్దేవాళ్లూ ఉండరు. ముగింపు గారు కూడా మీ వెంటే వస్తారట. "కావున మనమందరం" అంటూ పొద్దుటి నుంచి బ్యాగు సర్దుతున్నారు.

ఇట్లు,
మీ మాజీ విధేయుడు