మమ అంటే ఎలుగు పడింది

పోయిన నవంబరులో మేం డాలస్‌లో మా తోడల్లుడి ఇంట్లో ఉన్నప్పుడు, వాళ్ళ మేనేజర్ అందరినీ భోజనానికి పిలిచాడు. తలుపు తియ్యగానే ఎదురుగా హాలు మూలన ఎలుగుబంటి. వెనక కాళ్ళ మీద లేచి, పంజాలు చాచి, నోరు తెరిచి నిలబడి ఉంది. తోలూ గోళ్ళూ అసలువే. లోపల ఫోమ్, కళ్ళు గాజు, నాలుక ప్లాస్టిక్. మా అత్తగారు గుమ్మంలోనే చెప్పులు విడిచి, నేరుగా దాని ముందుకు వెళ్ళి, "జాంబవంతుడు!" అని రెండు చేతులూ జోడించారు. పక్కనే నిలబడ్డ మేనేజర్ ఆ దండం తనకే అనుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని వినయంగా అందుకున్నాడు.

తరవాత రెండు గంటలపాటు ఆ ఎలుగును అలాస్కాలోని కోడియాక్ దీవిలో తాను ఎలా వేటాడాడో చెప్పాడు. గైడ్‌ను వెంటబెట్టుకుని వెళ్ళే ఇలాంటి వేటను గైడెడ్ హంటింగ్ అంటారు. డబ్బిచ్చి చేయించుకునే వేట ఏం వేట అని వెక్కిరించేవాళ్ళున్నారు. వాళ్ళకు శాస్త్రం తెలీదు. మన ఇంట్లో సత్యనారాయణ వ్రతం ఎవరు చేశారు? మనమే. మంత్రాలు చదివింది పంతులుగారు, మండపం కట్టింది ఆయన వెంట వచ్చిన కుర్రాడు, ప్రసాదం చేసింది వంటాయన. మనం పీట మీద కూర్చుని, అడిగినప్పుడు గోత్రం చెప్పి, మిగతాచోట్ల "మమ" అన్నాం. అయినా పుణ్యం పైసాతో సహా మన ఖాతాలోనే పడుతుంది. వేల ఏళ్ళుగా మనం కాపాడుకొస్తున్న ఈ సూక్ష్మం ఎక్కడో ఉత్తర ధ్రువం పక్కన ఎలా మొలిచిందో పండితులు తేల్చాలి.

అలాస్కావాళ్ళు దాన్ని ఏకంగా చట్టంలోనే రాసుకున్నారు. బయటి రాష్ట్రం వాడు అక్కడ గోధుమరంగు ఎలుగును కొట్టాలంటే పక్కన లైసెన్సున్న గైడ్ ఉండి తీరాలి. మూస్ అనే పెద్ద దుప్పికైతే అమెరికా పౌరుడికి గైడ్ అక్కర్లేదు, విదేశం నుంచి వచ్చినవాడికి దానిక్కూడా కావాలి. గైడుల్లోనూ అంతరువులున్నాయి: అసిస్టెంట్ గైడ్, రిజిస్టర్డ్ గైడ్, మాస్టర్ గైడ్. మాస్టర్ గైడ్ అంటే ఘనాపాఠీ అన్నమాట. వేట లైసెన్సు 160 డాలర్లు, ట్యాగు అనే జంతువారీ అనుమతి ఎలుగుకు 1,000, మూస్‌కు 800. ఇదంతా దేవస్థానం వారి టికెట్టు. పురోహితుడి సంభావన వేరే. కోడియాక్ ఎలుగుకు పాతిక ముప్పై వేల డాలర్లు మామూలు మాట. ఎలుగు కనబడలేదని డబ్బు వాపసు అడగకూడదు. వ్రతం చేసినా పిల్లకు సంబంధం కుదరకపోతే పంతులుగారు దక్షిణ తిరిగిస్తారా?

అమెరికా పౌరుడికి ఇందులో ఒక వెసులుబాటు ఉంది. గైడ్ బదులు, పందొమ్మిదేళ్ళు నిండిన అలాస్కా బంధువు పక్కనుంటే చాలు. ఏ బంధువు పనికొస్తాడో జాబితా కూడా ఇచ్చారు. అమ్మా నాన్నా, అన్నదమ్ములూ, తాతా మనవలూ, అల్లుడూ, బావమరిదీ, చివరికి అత్తగారూ అందులో ఉన్నారు. బాబాయిలూ మేనమామలూ లేరు. తోడల్లుడికి ఇంగ్లీషులో మాటే లేదు కాబట్టి మా గతి ఏమిటో తెలీదు. అత్తగారిని పక్కన నిలబెట్టుకుని ఎలుగును కొట్టడం అక్కడ చట్టబద్ధమే అని కారులో వస్తుంటే చెప్పాను. మా తోడల్లుడు ఇల్లు చేరేదాకా ఏమీ మాట్లాడలేదు.

ముహూర్తాలు కూడా ఉన్నాయి. కోడియాక్‌లో ఏప్రిల్ 1 నుంచి మే 15 దాకా ఒక విడత, అక్టోబర్ 25 నుంచి నవంబర్ 30 దాకా ఇంకో విడత. మిగతా కాలమంతా మూఢం. పెద్ద విమానం దిగి చిన్న విమానం, అది దిగి నీళ్ళ మీద వాలే ఇంకా చిన్న విమానం ఎక్కాలి. చివరిదాంట్లో మనిషినీ మూటనీ తూచి మరీ ఎక్కిస్తారు. దిగిన రోజున వేట నిషేధం. గాల్లోంచి జంతువును చూసుకుని, దాని పక్కనే దిగి కాల్చెయ్యకుండా పెట్టిన నియమం ఇది. మర్నాడు తెల్లవారుజామున మూడు దాటితేగానీ తుపాకీ ఎత్తకూడదు. పెళ్ళి ముహూర్తం తెల్లవారుజామున మూడింటికే ఎందుకని చిన్నప్పట్నించీ అడుగుతున్నాను, ఎవరూ చెప్పలేదు. అమెరికాలో కారణం రాసిపెట్టారు.

అది మొదలు పది రోజులు కూర్చోవడమే. గైడ్ ఒక గుట్ట మీద కూర్చోబెట్టి, బైనాక్యులర్స్‌తో ఎదుటి కొండను చేటలో బియ్యం ఏరినట్టు ఏరుతాడు. డబ్బిచ్చిన యజమానీ ఏరుతాడు. యజమానికి దొరికేవి రాళ్ళు. ఒక రాయి కదులుతోందని మేనేజర్ గంటన్నరసేపు పట్టుబట్టాడట. గైడ్ మర్యాదస్థుడు, "మంచి రాయి" అన్నాడట. వాన పైనుంచి కాకుండా పక్కనుంచి కురుస్తుంది. తిరిగి వెళ్ళాల్సిన రోజున మంచు కమ్మితే విమానం రాదు. కాలికి పూసుకున్న పసరు కరిగిపోయాక హిమాలయాల్లో ప్రవరుడికి ఎంత బెంగ పుట్టిందో అంత బెంగ పుడుతుంది. ప్రవరుడికి కనీసం వరూధిని కనబడింది. ఇక్కడ టెంటులో తడిసిన సాక్సులు ఆరేసుకుంటున్న గైడ్ తప్ప నరమానవుడు ఉండడు.

ఆ పై ఏడు మేనేజర్ మూస్ వేటకూ వెళ్ళాడు. మౌస్ కాదు, మూస్. దుప్పుల కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది. అలాస్కా పోతు ఏడు వందల కిలోల దాకా తూగుతుంది. చేటల్లాంటి కొమ్ములు ఏటా చలికాలంలో రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. బయటివాళ్ళు కొట్టే పోతుకు చాలాచోట్ల ఆ కొమ్ముల వెడల్పు 50 అంగుళాలు ఉండాలి, లేదా నుదుటి పక్కన కొమ్మలు ఒకవైపు మూడో నాలుగో ఉండాలి. 50 అంగుళాలంటే మా హాల్లో టీవీ. వానలో, చెట్ల సందున నడిచిపోతున్న టీవీని దూరం నుంచి చూసి, అది 50 అంగుళాలదో 48 అంగుళాలదో తేల్చాలి. తప్పితే కేసు. తేల్చేది ఎవరో వేరే చెప్పాలా?

సెప్టెంబరులో పోతులకు మదం ఎక్కుతుంది. గొయ్యి తవ్వి, అందులో మూత్రం పోసి, ఆ బురదలోనే పొర్లి, అత్తరు పూసుకున్న పెళ్ళికొడుకుల్లా తయారవుతాయి. అప్పుడు గైడ్ ఆడ మూస్ గొంతుతో పిలుస్తాడు. కాఫీ డబ్బా అడుగుకు చిల్లు పెట్టి, తాడు దూర్చి, తడిపి లాగితే అచ్చం విరహంతో వేగిపోతున్న ఆడ మూస్ మూలుగు వస్తుంది. అంతటితో ఆగడు. ఎప్పటిదో మూస్ భుజం ఎముకతో పొదల్ని బరబరా గీకి, పోటీకి ఇంకో పోతు దిగిందన్న అసూయ పుట్టిస్తాడు. నాయికా తనే, ప్రతినాయకుడూ తనే. మన వీధి భాగవతాల్లోనూ ఒకాయనే రెండు వేషాలు కట్టేవాడు గానీ, ప్రేక్షకుడు మురిసిపోయి దగ్గరికొస్తే కాల్చేవాళ్ళు కాదు.

నల్ల ఎలుగులకైతే ఈ నాటకం కూడా దండగ. అలాస్కాలోనూ, మెయిన్ అనే రాష్ట్రంలోనూ, కెనడాలో కొన్నిచోట్లా పీపాలో పాత డోనట్లు, వాడేసిన నూనె, కుక్కల తిండి పోసి అడవిలో పెట్టే పద్ధతి ఉంది. ఎలుగు రోజూ వచ్చి తిని వెళ్తుంది. బాగా అలవాటు పడ్డాక, ఒక సాయంత్రం యజమాని పక్కచెట్టు మీద మంచె ఎక్కి కూర్చుంటాడు. విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి మధ్యలో లేపకూడదని మన పెద్దలు చెబుతారు. ఇక్కడా లేపరు.

సరే, కోడియాక్‌లో ఎలుగు దొరికింది. గైడ్ చెవిలో "ఇప్పుడు" అంటాడు. మేనేజర్ తుపాకీతో మమ అన్నాడు. ఆ వెంటనే గైడూ అన్నాడు, ఇంకా పెద్ద తుపాకీతో. గాయపడ్డ ఎలుగు పొదల్లో దూరితే వెతుక్కుంటూ లోపలికి పోవాల్సింది గైడే కాబట్టి ఆ రెండో తూటా ఆయన సొంత క్షేమం కోసం. మరి పడింది ఎవరి తూటాకు? అది అడగరాని ప్రశ్న. ఒకే అడవిపంది మీద బాణం వేసి, అర్జునుడూ కిరాతుడి వేషంలో వచ్చిన శివుడూ నాదంటే నాదని కలియబడ్డారు. కోడియాక్‌లో అలాంటి గొడవలుండవు. శివుడికి అడ్వాన్సు ముందే ముట్టింది.

మూస్ పడితే మాత్రం అసలు పని అప్పుడే మొదలు. తినదగ్గ మాంసమంతా మోసుకురావాలి, అడవిలో వదిలేస్తే శిక్ష. రెండు వందల కిలోల పైమాటే. ఒక్కో వెనక తొడా ఒక సిమెంటు బస్తా. మోకాలి లోతు బురదలో ఏడెనిమిది ట్రిప్పులు. మొదటి ట్రిప్పుకే మేనేజర్ నడుము పట్టేసింది, మిగతావి గైడ్ పూర్తి చేశాడు. కొమ్ముల్ని మాంసం కన్నా ముందు తరలించకూడదని అక్కడ నియమం. కొమ్ములు చేతికొచ్చాక మనిషికి మాంసం గుర్తుండదని ఆ నియమం రాసినాయనకు తెలుసు. ఆయన మన పెళ్ళిళ్ళు కూడా చూసి ఉంటాడు. వీడియో అతను వెళ్ళిపోయాక విస్తళ్ళు ఎత్తడానికి ఎంతమంది మిగులుతారు?

గోధుమ ఎలుగుకు ఆ బాధ లేదు. మాంసం తెమ్మని చాలాచోట్ల అడగరు, తోలూ పుర్రే చాలు. 30 రోజుల్లోగా వాటిని అధికారులకు చూపించి సీలు వేయించుకోవాలి. వయసు తేల్చడానికి వాళ్ళొక చిన్న పన్ను పీకి ఉంచుకుంటారు. తోలును నేల మీద పరిచి, ముక్కు నుంచి తోక దాకా పొడవు, ముందు కాళ్ళ గోళ్ళ మధ్య వెడల్పు కొలిచి, రెండూ కూడి సగం చేస్తే ఎలుగు సైజు వస్తుంది. పదడుగులుంటే జన్మ ధన్యం. మేనేజర్‌ది తొమ్మిదడుగుల నాలుగంగుళాలు. ఆ తక్కువైన ఎనిమిదంగుళాల దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు పూడుకుపోయింది. ఎలుక తోలు తెచ్చి ఏడాది ఉతికినవాడి సంగతి మనకు పద్యంలో ఉంది. ఎలుగు తోలైతే ఏడాది తరవాత దాన్ని బొమ్మ చేసినవాడి బిల్లు కూడా వస్తుందట.

ఈ సంప్రదాయం నిన్నటిది కాదు. 1902 నవంబరులో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీ అడవులకు ఎలుగు వేటకు వెళ్ళాడు. గైడ్ హోల్ట్ కాలియర్. బానిసగా పుట్టిన నల్లజాతి మనిషి, ఎలుగు వేటలో పేరు మోసినవాడు. అధ్యక్షుడు ఎదురుచూసి చూసి భోజనానికి వెళ్ళాడు. ఈలోగా కాలియర్ కుక్కలతో ఎలుగును తరిమి, తన కుక్కను చంపుతున్న దాన్ని తుపాకీ మడమతో బాది, తాడేసి చెట్టుకు కట్టి కబురు పెట్టాడు. అధ్యక్షుడు వచ్చి, కట్టేసినదాన్ని కాల్చడం మర్యాద కాదన్నాడు. తరవాత దాన్ని కత్తితో చంపించారు. క్లిఫర్డ్ బెర్రీమన్ ఆ ఘట్టాన్ని కార్టూన్ గీశాడు, దుకాణాల్లోకి అధ్యక్షుడి ముద్దుపేరుతో టెడ్డీ బేర్ దిగింది, అధ్యక్షుడి దయ ఇవాళ్టికీ లోకంలో పిల్లల పక్కలో పడుకుంటోంది. వెతికి, తరిమి, బాది, కట్టినవాడి పేరుతో బొమ్మ లేదు. మమ అనకపోయినా యజమానికి ఫలం దక్కిన వ్రతం చరిత్రలో ఇదొక్కటే అనుకుంటాను.

మన దొరలూ జమీందార్లూ తక్కువ తినలేదు. డప్పులు కొట్టి అడవిని తోలి, పులిని మంచె కిందికి చేర్చినవాళ్ళ కూలి లెక్కలు ఏ గోడకూ వేలాడలేదు. పులి తల వేలాడింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి ఆ ముచ్చట ముగిసింది.

అదే అలాస్కాలో యూకాన్, కోయుకుక్ నదుల ఒడ్డున కోయుకాన్ అనే ఆదివాసీ జనం ఉన్నారు. మూస్ వాళ్ళకు చలికాలపు తిండి. ఎలుగు అంటే భయభక్తులు. ఎలుగు వేటకు వెళ్తున్నామని నోటితో అనరు, డొంకతిరుగుడుగా చెబుతారు. కొట్టాక గొప్పలు పోరు. పాపం, వెనకబడ్డవాళ్ళు. మేనేజర్ దగ్గర నలభై స్లైడ్ల ప్రెజెంటేషన్ ఉంది. ఆఫీసులో రెండుసార్లు వేశాడు, రెండోసారి హాజరు తప్పనిసరి.

న్యాయంగా ఒక మాట. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద వేట తుపాకుల మీదా తూటాల మీదా 11 శాతం సుంకం వన్యప్రాణుల సంరక్షణకు పోతుంది. కోడియాక్‌లో ఎలుగులు ఇప్పటికీ 3,500 దాకా ఉన్నాయి. దీన్ని వెక్కిరించడానికి నాకు సందు దొరకలేదు కాబట్టి ముందుకు పోతున్నాను.

భోజనాలయ్యాక మేనేజర్ గోడ మీది ఫోటో చూపించాడు. ముందు ఎలుగు, నాలుగడుగులు వెనక ఆయన. అలా వెనక్కి జరిగి కూర్చుంటే ఎలుగు ఇంకా పెద్దగా పడుతుందట, ఆ కిటుకూ గైడే చెప్పాడట. చేతిలో తుపాకీ, మొహం నిండా నవ్వు, ఇస్త్రీ నలగని జాకెట్టు. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వెళ్ళి చూశారు. ఫోటో మూలన గడ్డిలో రెండు బ్యాగులున్నాయి. ఒకటి చిన్నది, కొత్తది. రెండోది నడుమెత్తు మూట. చుట్టూ తాళ్ళు, పక్కన వేలాడుతున్న మసిగిన్నె.

"ఈ మూట ఎవరిది?" అన్నారు. మా తోడల్లుడు ఇంగ్లీషులో అడిగాడు.

"గైడ్‌ది" అన్నాడు మేనేజర్.

"మరి ఆ అబ్బాయేడీ?"

"ఫోటో తీస్తున్నాడు."

అత్తగారు గిన్నె వైపు ఇంకాస్త వంగి చూసి, "అన్నం తిన్నాడా?" అన్నారు.

మా తోడల్లుడు దాన్ని ఇంగ్లీషులో అడగలేదు.