పుట్టిన నెల చెప్పని టీ డబ్బా గారికి

మహారాజశ్రీ ప్రీమియం టీ డబ్బా గారి దివ్య సముఖమునకు,

బెంగళూరు రామమూర్తి నగర్ నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు మా వంటింటి గట్టు మీద ముదురాకుపచ్చ రంగులో, బంగారు అంచుతో, మూత మీద ఉబ్బెత్తు కొండలతో ఎంత క్షేమంగా ఉన్నారో వచ్చిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నాను. చూడటం తప్ప తమరితో ఇంకేం చేయాలో పాలుపోక ఈ ఉత్తరం.

"ఈ ఏడాది డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ వచ్చేసింది, కొద్ది స్టాకే ఉంది" అని మీ దుకాణం వాళ్లు వాట్సాప్‌లో ఊరించారు. శనివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని స్కూటీ తీశాను. టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ గురించి ఈ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు కాబట్టి చెప్పను. టిన్ను కోసం పోయి టిన్ ఫ్యాక్టరీలో ఇరుక్కున్నావా అని మా ఆయన జోకు వేశాడు, వేసినందుకు ఆ రాత్రి అంట్లు ఆయనే తోమాడు, ఆ లెక్క అక్కడితో సరి. ఇందిరానగర్ చేరేసరికి వాన. పార్కింగ్ లేదు. తడుచుకుంటూ లోపలికి వెళ్తే కౌంటర్లో కుర్రాడు మొట్టమొదట అడిగిన మాట "వెయిట్ లాస్‌కా మేడమ్, స్కిన్‌కా?" తాగడానికి అన్నాను. పాపం, దానికి వాళ్ల దగ్గర విడిగా అర లేదు.

తమరి ధర 950 రూపాయలు, లోపల సరుకు 50 గ్రాములు. గ్రాము ధర కూడా అచ్చు వేయాలన్న రూలు పుణ్యమా అని గ్రాము 19 రూపాయలని అడుగున భూతద్దానికి మాత్రమే కనిపించేలా వేశారు. కప్పుకి రెండున్నర గ్రాముల లెక్కన యాభైకి కాస్త తక్కువ పడుతుంది. ఇవ్వనని నేను అనలేదు. నిట్టనిలువు వాలు మీద నిలబడి రెండాకులూ ఒక మొగ్గా చేత్తో గిల్లే ఆడవాళ్ల పని అది, ఊరికే రాదు. మంచి ఆకయితే ఇంకో వంద ఎక్కువైనా ఇస్తాను, నోరు మూసుకుని ఇస్తాను.

ఇంటికొచ్చి మూత తీశాను.

ఫస్ట్ ఫ్లష్ అంటే ఏమిటో తమరికి నేను చెప్పాలా? చలికాలమంతా నిద్రపోయిన పొద ఫిబ్రవరి చివర్లో కళ్లు తెరిచి ఏప్రిల్ నడిమి దాకా వేసే చిగురు. ఆకుని బాగా వాడబెట్టి, ఆక్సీకరణ తక్కువగా జరగనిస్తారు కాబట్టి బ్లాక్ టీ అని పేరే గానీ పచ్చదనం ఇంకా మిగిలే ఉంటుంది, మధ్యమధ్యలో నూగుతో వెండిలా మెరిసే మొగ్గలుంటాయి. తమరిలోంచి అరచేతిలోకి ఒంపుకుంటే వచ్చినవి వేళ్ల మధ్య నలిపితే పొడైపోయే గోధుమరంగు ముక్కలు, వాటితో పాటు కాస్త దుమ్ము. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు పెయింటు వాసన, దాని వెనక అట్టపెట్టె వాసన. సరే, నీళ్లు తగిలితే లేస్తుందేమో అని కాచాను. తమరితో పాటు ఇచ్చిన కాగితంలో నీళ్లు సరిగ్గా వంద డిగ్రీలు ఉండాలని రాశారు. ఈ ఊరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్లు 97 దగ్గరే మరిగిపోతాయి, వంద కావాలంటే ప్రెషర్ కుక్కర్లో కాచుకోవాలి. పైగా ఇంత లేత ఆకుకి వంద ఎందుకు? మరిగిన నీళ్లు దించి, 85-90కి వచ్చేదాకా ఆగి, క్యాన్ నీళ్లతోనే (బోరు నీళ్లయితే పైన తెట్టు కడుతుంది), మూడు నిమిషాలు మూత పెట్టి వడగట్టాను. రంగు వచ్చింది. రుచి మాత్రం ఎండుగడ్డి. పాలు లేని టీని టీగా ఒప్పుకోని మా అత్తయ్య కప్పులోకి తొంగి చూసి, "జ్వరం ఏమైనా తగిలిందా అమ్మా, కషాయం తాగుతున్నావు?" అంది. కషాయానికైతే ఘాటుంటుంది అత్తయ్యా.

అప్పుడు తమరిని తిప్పి తిప్పి చదివాను. తోట ఎత్తు ఎన్ని అడుగులో ఉంది. పొదల వయసు ఉంది. పొగమంచు గురించి మూడు వాక్యాలున్నాయి. డార్జిలింగ్ జీఐ (భౌగోళిక గుర్తింపు) ముద్ర ఉంది, మన దేశంలో ఆ గుర్తింపు మొట్టమొదట దక్కింది డార్జిలింగ్ టీకే, 2004లో. ఆ ముద్ర ఆకు ఎక్కడిదో చెబుతుంది, మంచిదే. అడుగున "ప్యాక్ చేసినది: ఏప్రిల్", "బెస్ట్ బిఫోర్: ప్యాక్ చేసిన నాటి నుంచి 24 నెలలు" అని ఉన్నాయి. ఇన్ని చెప్పిన తమరు, ఆకు కోసింది ఎప్పుడో చెప్పలేదు.

దుకాణానికి ఫోన్ చేశాను. కుర్రాడిది మదనపల్లె, నా కన్నడ రెండు వాక్యాలు భరించి తెలుగులోకి దిగాడు.

"ప్యాకింగ్ ఫ్రెష్ మేడమ్."

"ప్యాకింగ్ ఫ్రెషే బాబూ. ఆకు?"

"ఆకు కూడా ఆ ప్యాకింగ్‌లోనే కదా మేడమ్ ఉండేది."

ఇంకాస్త గుచ్చి అడిగితే, పోయినేటి ఆకు కూడా కలిసి ఉండొచ్చు, బ్లెండ్ కదా అన్నాడు. మరి ఈ ఏడాది ఫస్ట్ ఫ్లష్ వచ్చేసిందని మెసేజ్ పెట్టారే అంటే, "వచ్చింది ఈ ఏడాదే మేడమ్, స్టాకు" అన్నాడు. వాడి మీద కోపం రాలేదు. వాడికి నేర్పినవాళ్ల మీద, ఆ నేర్పినదాన్ని వీపున మోస్తున్న తమరి మీద వచ్చింది.

అంటే పద్ధతి ఇదన్నమాట. ఆకు ఏ గోదాములో ఎంతకాలం మగ్గినా లెక్కలోకి రాదు, తమరి కడుపులో పడిన రోజు నుంచే దాని వయసు మొదలు. పెళ్లీడొచ్చిన పిల్లాణ్ని ఉయ్యాల్లో వేసి బారసాల చేసి, ఇంకో రెండేళ్లు పసివాడే అని నమ్మమంటున్నారు. తమరికి తెలియక కాదు. తోటలో ప్రతి తయారీకీ ఇన్‌వాయిస్ నంబరు పడుతుంది, సీజన్‌లో మొదటి లాటు డీజే-1, తర్వాత డీజే-2, అలా వరసగా. తోట నుంచి బయల్దేరిన పెట్టె మీద తోట పేరు, గ్రేడు, ఇన్‌వాయిస్ నంబరు, బరువు అన్నీ రాసే పంపుతారు. కొండ దిగేటప్పుడు దాని పుట్టుక చీటీ దాని దగ్గరే ఉంది. నీలోకి దూరేటప్పుడే పోయింది. ఎవరు తీశారు? ఎందుకు తీశారు? తోట కథ రాయడానికి చోటు దొరికింది, ఆ పొగమంచుకి చోటు దొరికింది, "మార్చి" అనే రెండక్షరాలకి చోటు లేదా నీకు?

ఏకవచనంలోకి దిగిపోయాను. దిగాను కాబట్టి ఇక ఎక్కను.

మా వీధి చివర తెలుగాయన బియ్యం కొట్టుంది. సోనా మసూరి బస్తా ముందు నిలబడితే నేను నోరు తెరవకముందే చెప్తాడు, ఇది కొత్త బియ్యం, నీళ్లు తక్కువ పోయండి, అది పాత బియ్యం, ధర ఎక్కువ, అన్నం పొడిగా వస్తుంది అని. తోపుడుబండి మీద తోటకూర అమ్మే ఆమెని ఎప్పుడు కోశావమ్మా అంటే కట్ట విప్పి చూపిస్తుంది. వాళ్లెవరికీ బంగారు అంచు లేదు. 950 రూపాయలు పుచ్చుకుని, వయసు అడిగితే మొహం తిప్పుకునేదానివి నువ్వొక్కదానివే.

టీ పాతబడితే ఇంకా బాగుంటుంది అని మొదలుపెట్టకు, ఆ కుర్రాడు అదీ అన్నాడు. బాగుపడేది చైనా యునాన్ పూ-ఎర్ లాంటివి. దాన్ని బిళ్లలుగా అదిమి, మీద ఏడాది వేసి మరీ గర్వంగా అమ్ముకుంటారు, ఆ ఏడాదిని బట్టే ధర. చైనాలోనే గ్రీన్ టీలు కొనేవాళ్లు ఏప్రిల్ మొదట్లో వచ్చే చింగ్‌మింగ్ పండుగకి ముందు కోసిందా, తర్వాత కోసిందా అని అడుగుతారు. వయసే మేలైన టీ అమ్మేవాడూ చెప్తాడు, లేతదనమే మేలైన టీ అమ్మేవాడూ చెప్తాడు. ఫస్ట్ ఫ్లష్‌కి ఉన్నదే ఆ లేత పరిమళం, ఏడాది తిరిగేసరికి చాలా మటుకు ఎగిరిపోతుంది. ఆ సంగతి తెలిసే నెల దాస్తున్నావు.

2017 గుర్తుందా? జూన్ నుంచి సెప్టెంబరు దాకా 104 రోజులు కొండ మీద బంద్. తోటలు మూతబడ్డాయి, ఆ ఏటి సెకండ్ ఫ్లష్‌లో, అంటే ఎండాకాలపు కోతలో, చాలా భాగం కొమ్మల మీదే ముదిరిపోయింది, పని లేక జనం నానా అవస్థలు పడ్డారు. కొండ మీద ప్రతి ఏడూ ఒక్కలా ఉండదు. ఒక ఏడు వాన రాదు, ఒక ఏడు వడగళ్లు కొడతాయి. ఏడాది వేయని నీకు మాత్రం అక్కడ ఎప్పుడూ వసంతమే.

మన పక్కనే నీలగిరి ఉంది. కూనూరు వైపు తోటల్లో డిసెంబరు, జనవరి చలికి కోసే ఫ్రాస్ట్ టీ ఉంటుంది, దాని పేరే కాలం చెప్పేస్తుంది. దాన్ని మీ దుకాణంలో కింది అరలో, చీపురు పక్కన పెట్టారు.

ఇక నీ చుట్టాలు, ఆ హెర్బల్ గోడ. డిటాక్స్, కామ్, గ్లో, స్లీప్. చామంతి బొమ్మ వేసిన స్లీప్ డబ్బాని తిప్పి చూశాను, పదార్థాల్లో మొదటి పేరు నిమ్మగడ్డి, చామంతి మూడోది. ఎక్కువ బరువున్నది ముందు రాయాలి కాబట్టి అక్కడ దొరికిపోయారు. నీలంగా కాగే శంఖుపువ్వు టీ 30 గ్రాములు 600 రూపాయలట. నిమ్మరసం పిండితే ఊదారంగులోకి మారుతుందని కుర్రాడు చేసి చూపించాడు, బాగుంది, కానీ ఆ తీగ మా పక్కింటి ప్రహరీ నిండా పాకి ఉంది, అడిగితే కొమ్మ కూడా ఇస్తారు. మూలికలు కావాలంటే మల్లేశ్వరంలో గ్రంధిగె అంగడికి పోతాను. శొంఠి, అతిమధురం, ఎండు తులసి కాగితంలో పొట్లం కట్టి ఇస్తాడు, ఇది పోయిన వారం వచ్చింది, అది వద్దు పాతది అని తనే తీసి పక్కన పెడతాడు. ఆయన నాకు నిద్ర పట్టిస్తానని ఎప్పుడూ మాటివ్వలేదు, అయినా ఆయన సరుకు తాగితే పడుతుంది.

ఇంత తిట్టాక నాకు ఆ టీ పిచ్చి ఎందుకో కూడా నీకు తెలియాలి. మా పెదనాన్న కొడుకు ఎయిర్‌ఫోర్సులో ఉన్నప్పుడు బాగ్‌డోగ్రాలో పోస్టింగు. ఒకసారి వస్తూ ఖాకీ రంగు కాగితపు సంచి తెచ్చాడు. బొమ్మ లేదు, కథ లేదు. బాల్‌పెన్‌తో తోట పేరు, డీజే నంబరు, మార్చి, ఏడాది, అంతే. విప్పగానే గది మారిపోయింది. లేత నిమ్మపండు రంగులో దిగింది కప్పులోకి, మొదటి గుక్కలో పూలు, వెనకాల నాలుక పక్కల్ని సన్నగా పట్టుకునే వగరు. వడగట్టిన ఆకుని పారేయబుద్ధి కాక దాని వాసనే కాసేపు చూస్తూ కూర్చున్నాను, మళ్లీ నీళ్లు పోస్తే మళ్లీ ఇచ్చింది. అత్తయ్య కూడా ఒక గుక్క తాగి, పాలు లేకపోయినా ఫరవాలేదే అంది. మా ఇంట్లో దాన్ని మించిన సర్టిఫికెట్ లేదు. ఆ కప్పు కోసమే నేను ప్రతి ఏడూ ఇందిరానగర్ వస్తున్నాను, నీ కొండల బొమ్మ కోసం కాదు.

కాబట్టి, డబ్బా గారూ, కోసిన నెల, ఏడాది వేయించుకో. బ్లెండయితే బ్లెండనే వేయించుకో, పోయినేటిదయితే పోయినేటిదని చెప్పి సగం ధరకి ఇవ్వు, సాయంత్రం అల్లం వేసి పాలు పోసి కాచుకుంటాం, మాకేం నామోషీ లేదు. పాతది తాగడానికి అభ్యంతరం లేదు, పాతదాన్ని కొత్తదని తాగడానికే ఉంది. అప్పటిదాకా తోటవాళ్ల దగ్గర్నుంచే పోస్టులో తెప్పించుకుంటాను, సంచీ మీద పెన్నుగీత చూసుకుని.

ఇట్లు,
తమరి అడుగు భాగం దాకా చదివిన
ఒక రామమూర్తి నగర్ నివాసి

తా.క.: ఆ ఆకంతా కరివేపాకు కుండీలో పోసేశాను. నీలో ప్రస్తుతం ముద్ద ఇంగువ ఉంటోంది. టీ ఆకు పక్కనున్న వాసనల్ని ఎంత త్వరగా పీల్చుకుంటుందో నీకు తెలుసు కాబట్టి, ఇక జన్మలో నీలో టీ పోయడం కుదరదని కూడా నీకు అర్థమయ్యే ఉంటుంది. మూత బిగుతు మాత్రం మెచ్చుకోవాలి, ఇంగువ వాసన ఇసుమంతైనా బయటికి రావడం లేదు.